నకలు గుమాస్తా సొంత మాట

కోర్టులో ఆయన ఉద్యోగం తీర్పులకు నకళ్లు రాయడం. కామా ఉన్నచోట కామా, తప్పున్నచోట తప్పు, ఉన్నదున్నట్టు దించేవాడు. అక్షరం పొల్లుపోదని జడ్జీలు సైతం మెచ్చుకునేవారు. అలాంటి మనిషి రిటైరయ్యాక ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోకుండా లా కాలేజీలో చేరాడు. క్లాసులో పిల్లలంతా 'బాబాయ్' అంటూ పక్కన చోటిచ్చారు.

మొదటి వ్యాసం: అద్దె ఇంటి కప్పు కారితే బాగుచేయించాల్సింది ఎవరు? లైబ్రరీలో సరిగ్గా సరిపోయే తీర్పు పట్టుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో మొదటి నుంచి చివరిదాకా దించేశాడు. చేతి అలవాటు ఊరుకోదు కదా, అడుగున "అసలుకు సరైన నకలు" అని రాసి సంతకం కూడా పెట్టాడు.

లెక్చరరమ్మ తన గదికి పిలిపించింది. వయసులో ఆయన కూతురంత ఉంటుంది. నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలు పడుతోంది.

"అందరూ దొంగతనం చేసి దాచుకుంటారండీ. మీరు రసీదు కూడా ఇచ్చారు."

ఆయన నిలువునా నీరుగారిపోయాడు. "దొంగతనమేంటమ్మా! జడ్జిగారి మాట మార్చడానికి నేనెవర్ని?"

"ఆయన మాటే కావాలంటే కొటేషన్‌లో పెట్టి, ఏ తీర్పులోదో కింద రాయండి. మీ మాటల్లో చెప్పినా సరే, ఆలోచన ఆయనదైతే ఆ సంగతి చెప్పాల్సిందే. మళ్లీ రాసుకురండి."

ఇంటికెళ్లి నిఘంటువు ముందేసుకున్నాడు. 'కప్పు' కాస్తా 'గృహశిరస్సు' అయింది, 'కారడం' 'జలస్రావం' అయింది. వాక్యం మాత్రం జడ్జిగారిదే.

"ఇది మాటలకు మారువేషం వేయడమండీ" అని ఆవిడ వెనక్కిచ్చేసింది.

దాంతో భయం పట్టుకుంది. ఈసారి వాక్యవాక్యానికీ ఎక్కడిదో రాశాడు. కూరగాయలు తరుగుతున్న భార్య, "ఎండాకాలంలో గోడలు చూడ్డానికొస్తాడు ఓనరు, వానాకాలంలో ఫోనెత్తడు" అంది. దాన్నీ కొటేషన్‌లో పెట్టి, కింద "నా భార్య, వంటగదిలో" అని రాశాడు.

"అంతమంది జడ్జీల మధ్య నన్నెందుకు ఇరికించారండీ?" అని కసిరింది గానీ, ఆ పేజీ మాత్రం మళ్లీ మళ్లీ తిప్పి చూసుకుంది.

"ఇప్పుడు దొంగతనం లేదు," అంది లెక్చరరమ్మ. "అందరూ మాట్లాడారు, మీ ఆవిడతో సహా. మరి మీరేమంటారు?"

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన్ని ఆ మాట అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

కొట్టేసి, రాసి, మళ్లీ కొట్టేసి, చివరికొక పేరా తేల్చాడు. కప్పు కారుతోందని చెప్పిన రోజు నుంచి బాగయ్యేదాకా, ఓనరు కూడా ఆ ఇంట్లోనే కాపురముండాలి! అలవాటుగా కింద మూలం రాయబోయి, ఎవరి పేరూ తట్టక కలం ఎత్తేశాడు.

వ్యాసం బొటాబొటి మార్కులతో గట్టెక్కింది. ఆ పేరా పక్కన మాత్రం ఎర్ర సిరా బారులు తీరింది: "ఒప్పుకోను. ఓనరును ఎక్కడ పడుకోబెడతారు? ఆయనకు వంటెవరు చేస్తారు? శిక్ష అద్దెకున్నవాళ్లకే పడుతుంది."

కాగితం పట్టుకుని పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు.

"ఇదిగో, చూశావా! నేను చెప్పింది తప్పట!"

"తప్పంటే ఇంత సంబరమేంటండీ?"

"ఇన్నాళ్లూ నా రాతలో తప్పుంటే అది జడ్జిగారిదే. ఇది అచ్చంగా నాది!"

కుర్చీ లాక్కుని, లెక్చరరమ్మకు జవాబు రాయడానికి కూర్చున్నాడు.