చిన్నమ్మ సైకిల్‌కు వేసిన డూప్లికేట్ ఫ్రీవీల్

మొన్న మంగళవారం మా మనవరాలి సైకిల్‌కు చైను, ఫ్రీవీల్ మార్పించడానికి మహబూబ్‌నగర్‌లో మా ఇంటి దగ్గరి దుకాణానికి వెళ్లాను. దుకాణదారు నా కొడుకు వయసువాడు, మర్యాద తెలిసినవాడే. బల్ల మీద రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టాడు. రెంటి మీదా ఒకటే పేరు, ఒకటే బొమ్మ, ఒకటే నీలం రంగు. "గిది అసలుది అవ్వా, గిది ఫస్ట్ కాపీ. జూస్తె ఎవరూ గుర్తువట్టరు. చిన్నపిల్ల తొక్కేదే గద, గిది చాలు," అన్నాడు. ఎవరూ గుర్తుపట్టరన్నది ఆ సామానుకు గుణమా, నేరమా అని అడిగాను. అతను నవ్వి, "చైనుకే గింత గరమైతె ఎట్ల అవ్వా," అన్నాడు. అసలుదే వేయించుకుని ఇంటికి వచ్చాను గానీ, కోపం మాత్రం ఇప్పటికీ దిగలేదు. అది అతని మీది కోపం కాదని నాకు తెలుసు. దాని వయసు అరవై దాటింది.

1962లో, యాసంగి పంట, అంటే చలికాలపు జొన్న, కోతకు వచ్చిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. మా తమ్ముడు 1963 అంటాడు. తప్పు. నేను అప్పుడు ఆరో తరగతి, వాడికి ఇంకా పలక కూడా కొనలేదు. మాది నారాయణపేటలో మగ్గం ఇల్లు. ముందు గదిలో గుంత మగ్గం, దాని వెనక వంట, ఆ పక్కనున్న చిన్న కొట్టు గదిలో మా చిన్నమ్మ. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. పెళ్లయిన రెండేళ్లకే భర్త వదిలేస్తే, తల్లిదండ్రులు లేరు గనక అక్క ఇంటికి వచ్చింది. వచ్చి మూల కూర్చుని ఏడ్చే మనిషి కాదు. ఏడో తరగతి పాసయిన కాగితం పట్టుకుని తిరిగి తిరిగి, గ్రామసేవిక శిక్షణకు వెళ్లి, ఉద్యోగం తెచ్చుకుంది. ఊరూరూ తిరిగి ఆడవాళ్లను కూర్చోబెట్టి పసిపిల్లల తిండి గురించి, పొగరాని పొయ్యి గురించి, కూరగాయల విత్తనాల గురించి చెప్పడం ఆమె పని. బస్సు పోని ఊళ్లకు సైకిల్ మీదే వెళ్లాలి. సైకిల్ తొక్కలేనివాళ్లకు ఆ ఉద్యోగం లేదు. ఆమెది ఇంకా పర్మనెంటు కాలేదు. పై అధికారి వచ్చి పని చూసి, సరే అని రాస్తేనే ఉంటుంది, లేకపోతే పోతుంది.

ఆడవాళ్ల సైకిల్‌కు చైను మొత్తం కప్పేస్తూ రేకు కవరు ఉంటుంది, చీర చిక్కుకోకుండా. ఆమె సైకిల్‌కూ ఉంది. ఆ నల్ల రేకును ఆమె ప్రతి ఆదివారం పాత గుడ్డతో తుడిచేది. లోపల ఏముందో మాత్రం పైకి కనబడదు. ఆ చలికాలంలో చైను అరిగి, వెనక ఫ్రీవీల్ పళ్లు కూడా సన్నబడ్డాయి. ఫ్రీవీల్ అంటే వెనక చక్రానికి చైను తగులుకునే పళ్ల బిళ్ల. మా వైపు ఉత్త 'ఫ్రీ' అనేవాళ్లు. తొక్కితే చక్రాన్ని పట్టుకోవాలి, ఆపితే వదిలేయాలి. దాని పని అంతే. మా నాయిన బజారుకు వెళ్తున్నాడని చిన్నమ్మ తన జీతంలోంచి పైసలు తీసి ఆయన చేతిలో పెట్టి, "అసలు కంపెనీదే ఏయించు బావా, ఎత్తు ఉంటది దారిల," అని చెప్పింది. సాయంత్రం నాయిన సైకిల్ నడిపించుకుంటూ వచ్చి, కంపెనీ డబ్బా ఆమె చేతికిచ్చాడు. ఆమె ఆ డబ్బాను పారేయలేదు. సూదులూ, గుండీలూ పోసుకుని గూట్లో పెట్టుకుంది. సైకిల్ పరీక్ష చేయడానికి వచ్చిన ఆ పై అధికారికి, "ఫ్రీ, చైను కొత్తవి సార్, కంపెనీవి," అని గర్వంగా చెప్పుకుంది కూడా.

ఇక్కడ మా నాయిన గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ఆయన మంచి పనివాడు. ఆయన నేసిన అంచు ముందు నుంచి చూసినా వెనక నుంచి చూసినా ఒకేలా ఉండేది. జరీ విషయంలో అరవీసం రాజీ పడేవాడు కాదు. ఎవరైనా చవక జరీ వేయమంటే, వేరే మగ్గం చూసుకోమని పంపేసేవాడు. ఆ రోజుల్లో బయటి ఊళ్ల మరమగ్గాల మీద చీరలు దింపి, నారాయణపేట చీరలని చెప్పి అమ్మడం మొదలైంది. వాటి మాట వస్తే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. నా కోపానికి అసలు కారణం ఇదే. దొంగ సరుకంటే ఏమిటో తెలియని మనిషి చేసి ఉంటే, ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

నారాయణపేటకు అవతల, మక్తల్ వైపు ఒక ఊళ్లో చిన్నమ్మ ఆడవాళ్ల సంఘం పెట్టించింది. అధికారి వచ్చి చూసే రోజు కూడా ఖాయమైంది. ఆ రోజు మాకు బడి లేదు. ప్రార్థన పాడటానికని చిన్నమ్మ నన్ను వెనక కూర్చోబెట్టుకుని పొద్దున్నే బయలుదేరింది. చల్లగా ఉంది. రెండు వైపులా కంకులు వంగిన జొన్న చేలు, వడిసెల పట్టుకుని మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలే మనుషులు. ఒకాయన మంచె మీది నుంచే, "అమ్మగారు జీపు లెక్క వోతున్నది," అన్నాడు. "నీ మంచె కంటె నయమే, కదులుతున్నది," అంది చిన్నమ్మ. ఆమె ఎంత నేర్పుగా తొక్కేదో నా కంటే బాగా చెప్పగలవాళ్లు లేరు. ఇసుకలో దిగకుండా బండి జాడ మీదే పోనిచ్చేది, గేదె ఎదురొస్తే చేయి వదిలి అదిలించేది. వాగు దాటాక ఎత్తు వచ్చింది. ఆమె సీటు మీది నుంచి లేచి, బరువంతా పెడల్ మీద వేసి తొక్కింది. లోపల కటక్ అని చప్పుడైంది. పెడల్ గాలిలో తొక్కినట్టు ఉత్తగా కిందికి పోయింది. ఆమె మోకాలు ముందుకు పోయి రాయికి తగిలింది, నేను ఎగిరి ముళ్ల కంపలో పడ్డాను. లేచి మళ్లీ ఎక్కి చూసింది. పెడల్ తిరుగుతోంది, చైను తిరుగుతోంది, చక్రం మాత్రం కదలదు. మిగతా దారంతా సైకిల్ తోసుకుంటూ నడిచాం. చీర మోకాలి దగ్గర రక్తానికి అంటుకుపోయింది.

మేం చేరేసరికి ఎదురుచూసి ఎదురుచూసి ఆడవాళ్లు కూలికి పోయారు. అధికారీ, ఊరి పెద్దమనిషీ చావడి అరుగు మీద చాయ్ తాగుతున్నారు. పెద్దమనిషి ఆమె చీరను చూసి, "చీర కట్టేటోళ్లకు చక్రాలెందుకని గందుకే అంటరు సార్," అన్నాడు. అధికారి నవ్వలేదు గానీ, కాదని కూడా అనలేదు. చిన్నమ్మ నిలబడే చెప్పింది: "చీర చైన్ల వడలే సార్, కవరున్నది. ఫ్రీ ఖాళీగ తిరిగింది." ఆయన చాయ్ కప్పు కింద పెట్టి, "పోయిన నెలనే కదమ్మా కొత్తది వేయించానన్నావు? కంపెనీ సామాను నెలకే పాడవుతుందా?" అన్నాడు. నేను ముందుకు పోయి, "నేను వెనకనే కూసున్న సార్, పెడల్ ఉత్తగనే తిరిగింది," అన్నాను. "నిన్నెవరడిగిండ్రు," అన్నాడు పెద్దమనిషి.

చవక సామాను వాడవచ్చా అని నన్ను అడిగితే, వాడవచ్చంటాను. పేరు లేని చైను, ఊళ్లో కొలిమి మీద చేసిన పిన్ను మేమూ వాడాం. అది తన సంగతి తానే చెబుతుంది, నన్ను నమ్ముకుని ఎత్తు ఎక్కవద్దు, వారానికోసారి నూనె పోయి అని. విరిగితే తప్పు తన మీదే వేసుకుంటుంది. డూప్లికేట్ అలా కాదు. మంచి పేరు కప్పుకుని వస్తుంది, విరిగినప్పుడు తప్పును తొక్కేవాళ్ల మీదికి తోస్తుంది. కంపెనీ సామాను చెడిపోదు గనక, చెడినది మనిషే అయి ఉండాలి. ఆ రోజు చావడి అరుగు మీద జరిగింది ఇదే.

ఇంటికి వచ్చి చిన్నమ్మ నాయినను అడిగింది. "అసలుదే, డబ్బా జూసినవు గద. ఎట్ల తొక్కినవో ఏమో," అన్నాడాయన తల ఎత్తకుండా. మర్నాడు ఆమె సైకిల్‌ను బజారులో ఆ ఫ్రీ బిగించిన మిస్త్రీ దగ్గరికి తీసుకుపోతే నేనూ వెంట పోయాను. అతను కవరు విప్పి, ఫ్రీ ఊడదీసి, ఏ మొహమాటమూ లేకుండా అన్నాడు: "డూప్లికేట్‌ది గింతే ఉంటదమ్మా. ఎత్తుకు ఆగదని మీ బావకు జెప్పే ఏసిన. ఆడమనిషి ఎంత దూరం తొక్కుతది తియ్యి అన్నడు. ఖాళీ డబ్బా ఉంటె ఇయ్యిమన్నడు, ఇచ్చిన." మిగిలిన పైసలు జరీకి పోయాయని తరువాత అమ్మ చెప్పింది. సచ్చా జరీకి, అంటే అసలుదానికి.

చిన్నమ్మ ఆ ఫ్రీని గుడ్డలో చుట్టుకుని అధికారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఇంకా కాగితం రాయలేదు. ఇది నీ సైకిల్‌దే అనడానికి ఏమిటి గుర్తు, కొన్నవాళ్లో అమ్మినవాళ్లో వచ్చి చెబితే వింటాను, సోమవారం దాకా ఆగుతాను అన్నాడు. డూప్లికేట్ అమ్మానని చెప్పడానికి మిస్త్రీ ఎందుకు వస్తాడు? మిగిలింది నాయిన ఒక్కడే.

ఆదివారం పొద్దున చిన్నమ్మ తలస్నానం చేసి కొత్త చీర కట్టుకుని వచ్చి మగ్గం ముందు నిలబడింది. గుంతలో కాళ్లు పెట్టి నేల మట్టాన మగ్గంలో కూర్చున్నవాళ్ల కళ్లకు ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం కంటే ముందు చీర అంచు కనబడుతుంది. నాయిన చేతిలో పేక పోగు నడిపే నాడె ఆగిపోయింది.

"ఏడ కొన్నవే గిది?"

"బజార్ల. నారాయణపేటదే అన్నడు."

"ఎవడన్నడు? అంచు వెనకకు తిప్పు. గీ పోగులు చూడు, తెగి ఏలాడుతున్నయి. గిది జరీయా? ఒక్క ఉతుకుకు నల్లవడ్తది. మన పేరు జెప్పి అమ్ముతున్నడా వాడు? మన నోటికాడి కూడు గుంజుకుంటున్నడు, వాని దుకాణం చూపియ్యి నాకు."

"పేరు గదే గద బావా. జూస్తె ఎవరు గుర్తువడ్తరు. ఆడమనిషి ఎన్ని దినాలు కడ్తది తియ్యి."

ఆయన ముఖం చూశాను. అర్థమైంది ఆయనకు. అమ్మ వంటింటి గడప మీదికి వచ్చి నిలబడింది. చిన్నమ్మ గొంతు ఎత్తలేదు. "రేపు ఒక్కసారి నాతోని ఆఫీసుకు రా. డూప్లికేట్ నేనే ఏయించిన, మా మరదలి తప్పు లేదని ఒక్క మాట జెప్పు. ఇంకేమడగ నిన్ను."

ఆయన మగ్గం మీద తెగిన పోగు ఒకటి ముడి వేశాడు. తరువాత అన్నాడు: "నేను మగ్గం మనిషిని. తెలిసి దొంగ సామాను కొన్ననని నలుగుట్ల ఎట్ల జెప్తనే? రేపు నా చీర చేతిల వట్టుకొని, గిదన్న అసలుదేనా అంటె?"

"అసలుదే అని చెప్పు. అసలుదే గద."

"నమ్మాలె గద వాళ్లు."

"మరి నన్నెవరు నమ్మాలె బావా?"

"జర చెప్పిరారాదు, నీ నోరు అరుగుతదా," అంది అమ్మ గడప మీది నుంచి. ఆయన నాడె విసిరాడు. మగ్గం మళ్లీ చప్పుడు చేయడం మొదలుపెట్టింది.

సోమవారం ఆయన వెళ్లలేదు. పడుగు మధ్యలో ఆపలేనన్నాడు. సైకిల్ మీద తిరిగే పనికి తగదని కాగితం వచ్చింది. ఎవరో జాలిపడి ఆమెను పట్నంలో కుట్టు నేర్పే కేంద్రంలో పెట్టారు. గోడల మధ్య, తక్కువ జీతానికి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. ఆ ఏడే మా ఇంట్లోంచి ఆ పట్నంలోనే ఒక గదికి కిరాయికి వెళ్లిపోయింది. సైకిల్‌ను మాత్రం తీసుకుపోలేదు. నాయిన దానికి అసలు కంపెనీ ఫ్రీ, అసలు చైను వేయించి, చీరల మూట కట్టుకుని మక్తల్ సంతకు తానే తొక్కుకుంటూ పోయేవాడు. ఒక్కనాడూ జారలేదు. ఆ సైకిల్ దిగి లోపలికి వచ్చిన ప్రతిసారీ అమ్మ నీళ్ల చెంబు ఆయన చేతికివ్వకుండా నేల మీద పెట్టేది. ఆయన వంగి తీసుకునేవాడు. ఎందుకని ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

చిన్నమ్మ పోయినప్పుడు పదకొండో రోజు భోజనాల దగ్గర మా తమ్ముడి కొడుకు, వాడు ఆమెను మంచం పట్టాక తప్ప చూసి ఎరగడు, పక్కవాళ్లకు నవ్వుతూ చెబుతున్నాడు: "ముసలామెకు వయసుల నౌకరి ఉండెనంట, సైకిల్ తొక్కుడు రాక వోయిందంట." నేను విస్తరి ముందు నుంచి లేచి వాడికి జరిగినదంతా చెప్పాను. విన్నాడు. తల ఊపాడు. మరుసటి ఏడు ఇంకో పెళ్లిలో మళ్లీ అదే చెప్పాడు. ఆ ఫ్రీవీల్ ఒక్క నెల కూడా నిలవలేదు. దాని మూలంగా పుట్టిన అబద్ధం మాత్రం అరవై ఏళ్లుగా, ఒక్క పన్ను అరగకుండా, తిరుగుతూనే ఉంది.