చుట్టాలొస్తున్నారు, వెనక నుంచి రా

ఇది ఒక మహాకావ్యం. రెండు వంశాలు, మధ్యలో అడవి, ఒక కోటగోడ, గోడకు అవతల యువరాజు, ఇవతల మా అక్క.

నిజం చెప్పాలంటే అడవి మణుగూరు దారిలో వరసలు తీసి నాటిన నీలగిరి తోట. కోటగోడ కంపెనీ కాలనీ ప్రహరీ. మహాసంగ్రామం ఓ ఆదివారం మధ్యాహ్నం తాగిన టీ. ఎవరికీ గాయాలు కాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది.

అక్క ఆ కాలనీ బడిలో ఇంగ్లీషు చెబుతుంది. అతను ఆఫీసరు గారబ్బాయి, తనూ ఇంజినీరే. వాళ్లమ్మకు పాత బ్రిటిష్ సినిమాలంటే ప్రాణం. ఒకసారి క్లబ్బులో తెర కట్టించి ఒకటి వేయించింది. బంగళా అబ్బాయి, దుకాణంలో పనిచేసే అమ్మాయి, ముక్కు చిట్లించే చుట్టాలు, చివరికి అందరూ నవ్వుకుంటూ పెళ్లి. బడి పిల్లలకు అర్థమయ్యేలా మధ్యమధ్యలో కథ చెప్పే పని అక్కది. అప్పుడు సినిమా ఆపే రిమోటు అతనిది. అవసరానికి మించి చాలాసార్లు ఆపాడట. అలా రెండేళ్లకు వ్యవహారం పెళ్లి మాటల దాకా వచ్చింది.

మా నాయన అదే కాలనీలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. ఈ సంగతి ఇంట్లో చెప్పేశానని అతను అక్కతో అన్నాడు. చెప్పింది ఏమిటంటే, “వాళ్ల నాన్న మన కంపెనీలోనే”. కాంట్రాక్టు అన్న ఒక్క మాట మింగేశాడు. అది మాకు తర్వాత తెలిసింది.

ఆదివారం నలుగురం బయల్దేరాం. కాలనీ గేటు దగ్గర రిజిస్టరులో పేరు, క్వార్టర్ నంబరు, వచ్చిన పని రాయాలి. పని అన్న గడి దగ్గర నా చెయ్యి ఆగింది.

“పెళ్లి మాటలని రాయొచ్చు గదరా,” అంది అమ్మ.

“అయితదో కాదో తెల్వకముందే ఎట్ల రాస్తడమ్మా? రేపు బళ్లె నా మొకం జూస్తరు అందరు,” అంది అక్క.

నాయనకు పాసు ఉంది కాబట్టి రిజిస్టరుతో పని లేదు. “మీరు రాండ్రి, నేను ముందు నడుస్త,” అని వెళ్లిపోయాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. జేబులో మాత్రం రోజూలాగే కరెంటు చూసే టెస్టరు.

ఆయన బెల్లు కొడితే అబ్బాయి వాళ్లమ్మ, అంటే నాయనకు మేడం, తనే తలుపు తీసింది. ఆమె అన్న మాటలు నాయన చెబితేనే మాకు తెలిశాయి.

“వచ్చావా! పొద్దున ఫోన్ చేయిస్తే ఇప్పుడా రావడం? గీజర్ పనిచేయట్లేదు. వెనక నుంచి రా, ముందు గదిలోకి చుట్టాలొస్తున్నారు.”

ఆ చుట్టాలం మేమే.

ఇంకొకరైతే ఆ మాట అక్కడే చెప్పేవారు. మా నాయన “అవ్ మేడం” అని ఇల్లంతా చుట్టి వెనక తలుపు దగ్గరికి పోయి, చెప్పులు విడిచి, వంటింట్లోంచి బాత్రూంలోకి వెళ్లాడు. సోఫాలో కూర్చున్న అతను ఆయన్ని చూశాడు. ఎవరో బాగా తెలుసు. తెలిసి, ఫోనులోకి తల దించుకున్నాడు.

మేం వెళ్లేసరికి టీవీలో అదే సినిమా ఆగి ఉంది. దుకాణం అమ్మాయి కళ్లలో నీళ్లు. మేడం కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

“రండి రండి. చూడండమ్మా, ఎంత మంచి పిల్ల! ఆ పెద్దింటివాళ్లకు మనసే లేదు. అన్నట్టు, మీ నాన్నగారు రాలేదా?”

అమ్మ గదంతా చూసింది. “ముందే వచ్చిండు గదా?”

అతను ఫోనులోంచి తల ఎత్తలేదు. మేడం పింగాణీ కప్పుల్లో టీ పోసింది. కాసేపటికి నాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“వైరు కాలింది మేడం. మార్చిన. ఇగ వేస్కోండ్రి.”

అక్క లేచి నిలబడింది. “ఆంటీ, మా నాయన.”

మేడం నాయన వైపు తిరిగి, “అయ్యో, ముందే చెప్పొచ్చుగా!” అంది. తప్పు ఎవరిదో అంత వేగంగా తేల్చిన కోర్టు ఎక్కడా ఉండదు.

“గీజరు పాడైందన్నరు గద మేడం.”

తర్వాత ఆయనకూ టీ వచ్చింది, స్టీలు గ్లాసులో. కూర్చోమని వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. సోఫాలో ఇద్దరు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. కులం దాకా మాట రానే లేదు, కుర్చీ దగ్గరే ఆగిపోయాం. తెర మీది పేదపిల్ల కోసం ఏడ్చే మనిషికి, తన ఇంట్లో నిలబడ్డ మనిషికి ఒక కప్పు ఇవ్వడం చేతకాలేదు. నేను నా కప్పు కింద పెట్టేశాను. విప్లవం అనుకుని పెట్టాను గానీ, ఎవరూ చూడలేదు.

“ఇగ పోదాం,” అంది అక్క.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నాయన, “నాదే తప్పు. టెస్టరు ఇంట్ల పెట్టొస్తె అయిపోతుండె,” అన్నాడు.

“నీది గాదు నాయనా. ఆయన నిన్ను జూసి గూడ గమ్మునున్నడు. గట్లాంటోణ్ణి నేనేం జేసుకోను?”

మంగళవారం సాయంత్రం అతను మా ఇంటికి వచ్చాడు. నాయనకు సారీ చెప్పబోయాడు.

“సారీ ఆయనకెందుకు? మీ అమ్మకు ఆ మింగిన మాట చెప్పు. ఈడ్నే, నా ముందల. లేదంటే నువ్వు జల్దీ పోవచ్చు,” అంది అక్క.

అతను ఫోను స్పీకరులో పెట్టాడు. అంతకుముందు పొరపాటున రెండుసార్లు మ్యూట్ నొక్కాడు. ఆ ఒక్క విషయంలో నాకు కొంచెం సంతోషం కలిగింది.

“అమ్మా, ఆయన కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. నీకు కావాలనే చెప్పలేదు. ఆ రోజు చూసి కూడా ఊరుకున్నాను. పెళ్లి మాత్రం ఈ అమ్మాయితోనే.”

అటునుంచి మేడం గొంతు వచ్చింది. “క్లబ్బులో నలుగురికీ ఏమని చెప్పుకోమంటావురా?”

“ఇప్పుడు నేను చెప్పినట్టే చెప్పమ్మా.”

అటువైపు ఫోను పెట్టేశారు. అక్క అతని వైపు చూసి తలూపింది. నాయన మాత్రం, “అన్నం తింటవా బాబూ?” అన్నాడు. నేనైతే అంత తొందరగా అన్నం పెట్టేవాణ్ణి కాదు. కానీ మా ఇంట్లో నన్ను ఎవరు అడుగుతారు?

పెళ్లికి మేడం వస్తుందో రాదో తెలియదు. అక్కా అతనూ రిజిస్ట్రారు ఆఫీసులో కాగితాలు ఇచ్చేశారు. నోటీసు ముప్పై రోజులు ఉండాలి. సాక్షులు ముగ్గురు కావాలి, అందులో నేనొకణ్ణి. ఆధార్ ఒరిజినల్ తెచ్చుకోవాలట, జిరాక్సు బయటే తీయించుకోవాలి.