పెదాలు కనపడే డబ్బా

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నావల్ల కాదు. ఇది రోగమని మా ఇంట్లో అంటారు, కళ అని నేనంటాను. దుకాణానికి నలుగురొస్తే నలభై మంది అంటాను. నాలుగు చినుకులు పడితే మూసీ పొంగిందంటాను. కాబట్టి అంకె కనపడిన చోటల్లా మీరే కొంత తగ్గించుకుని చదువుకోండి. మనుషుల్ని మాత్రం తగ్గించకండి, వాళ్లు నిజం. ఒక్కచోట మాత్రం పూర్తిగా కల్పించాను. అదెక్కడో చివర్లో చెప్తాను.

అది 2011. సంతోష్‌నగర్‌లో నా దుకాణం. టీవీల రిపేరు, గేమ్ కన్సోళ్ల అమ్మకం, సర్వీసు. కన్సోల్ అంటే టీవీకి తగిలించి ఆటలాడుకునే డబ్బా. దుకాణం ఎంత ఇరుకంటే, లోపల నేను తుమ్మాలంటే కస్టమర్ బయటికి నడవాలి. గోడకు మాత్రం కొత్త ఫుల్ హెచ్‌డీ టీవీ ఉండేది. అది వచ్చాక ఆ గోడే నాతో మాట్లాడటం తగ్గించింది.

ఆ రోజుల్లో లోకం రెండు వర్గాలు: తెల్లడబ్బా వాళ్లు, నల్లడబ్బా వాళ్లు. రెండూ పెద్ద పెద్ద కంపెనీల కన్సోళ్లు. పేర్లు చెప్తే కొట్లాట మళ్లీ మొదలవుతుంది, వద్దు. నేను తెల్లడబ్బా మనిషిని. రోడ్డుకు అవతల చాయ్ హోటల్ నడిపే ఖలీల్ భాయ్ నల్లడబ్బా. గల్లాపెట్టె పక్కన టీవీ పెట్టుకుని, గిరాకీ లేనప్పుడు ఫుట్‌బాల్ ఆడేవాడు. మా లొల్లి రోడ్డు మీదుగా నడిచేది, మధ్యలో ఆటోలవాళ్లు బ్రేకు వేసి వినేవాళ్లు.

"అరె మియా, నీ తెల్లడబ్బా వేడికి నేను ఆమ్లెట్ ఏస్త!"

"నీ నల్లడబ్బా బరువుకు టేబుల్ కాళ్లు వంగినయ్ భాయ్, ముందుగాల గది చూస్కో!"

ఇప్పుడు కాస్త వృత్తి సంగతి, ఇది లేకపోతే కథ నడవదు. టీవీ బొమ్మ అంటే అడ్డగీతల దొంతర. 720పీ అంటే ఏడువందల ఇరవై గీతలు, అన్నీ ఒకేసారి గీస్తుంది. 1080పీ అంటే వెయ్యీ ఎనభై, అవీ ఒకేసారే. ఈ రెంటి నడుమ 1080ఐ అని ఒక గడుసు పిండం ఉంది. దాన్ని ఇంటర్‌లేస్డ్ అంటారు. గీతలు వెయ్యీ ఎనభయ్యే, కానీ ఒకసారి బేసి వరసలు, మరోసారి సరి వరసలు గీస్తుంది. పెళ్లి భోజనాల్లో ఒక వరస విడిచి ఒక వరసకు వడ్డించినట్టు. రెండో వరసకు పప్పు వచ్చేసరికి మొదటి వరస పెరుగులో ఉంటుంది. బొమ్మ కదలకపోతే తేడా తెలియదు. కదిలిందా, రెండు వరసలు రెండు వేర్వేరు క్షణాలు చూపిస్తాయి. వాటిని తెలివిగా కలిపే మిషన్ దొరికితేనే బొమ్మ బొమ్మలా ఉంటుంది.

ఒక గురువారం మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. ముంజేతులు నా తొడలంత. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఒక డిస్కు.

"తమ్మీ, ఏ డబ్బాల పెదాలు సాఫ్ కనవడ్తయ్?"

గ్రాఫిక్స్ అడిగినవాళ్లను చూశాను, మెమరీ అడిగినవాళ్లను చూశాను. పెదాలడిగిన మనిషిని ఆ రోజే చూశాను. అయినా నా ఉపన్యాసం రెడీగానే ఉంటుంది కదా. అరలోంచి తెల్లడబ్బా తీస్తూ, గోడవైపు తిరిగి దాని గొప్పతనమంతా చెప్పాను, ఒక గంటన్నర చెప్పి ఉంటాను. తిరిగి చూస్తే ఆయన ఓపికగా నిలబడి ఉన్నాడు.

"అయిపాయెనా? గిప్పుడు నా దిక్కు మళ్లి చెప్పు. నాకు చెవులు లెవ్వు. నోరు చూసి ఇంట."

నేను మళ్లీ మొదలుపెట్టాను. ఆయన కళ్లు చిన్నవి చేసి చూసి, చెయ్యెత్తి ఆపాడు.

"గా మీసం జర పక్కకు దువ్వు తమ్మీ. సగం మాటలు దాంట్లనే చిక్కుకుంటున్నయ్."

నా మీసం అప్పట్లో చార్మినార్ నుంచి చూసినా కనపడేది. దువ్వెన తీసి దువ్వుకున్నాను. ఆయన పేరు రాజలింగం. కంచన్‌బాగ్ దాటాక ఒక ఫోర్జింగ్ కంపెనీ ఉండేది, పేరెందుకులెండి. అక్కడ ముప్ఫై ఏళ్లు పవర్ హామర్ నడిపాడు. హామర్ అంటే ఎర్రగా కాల్చిన ఇనుప దిమ్మెను కొట్టి సాగదీసే పెద్ద సుత్తి మిషన్. ఆ షెడ్డులో పక్కవాడి మాట ఎవడికీ వినపడదు. పనంతా సైగల మీదే. వేలెత్తితే మెల్లగా కొట్టు, పిడికిలి బిగిస్తే గట్టిగా, అరచెయ్యి చూపిస్తే ఆగు. అందుకే ఆయన చెవులు ఎప్పుడు పోయాయో తోటివాళ్లకే కాదు, ఆయనకూ తెలియలేదు. తెలిశాక పెదాలు చదవడం నేర్చుకుని ఎవరికీ చెప్పలేదు.

"రెండు నెలలైంది నేను రిటైరయ్యి. స్టేజీ మీద దండేసి కూసుండవెట్టిన్రు. మాట్లాడెటోళ్లందరు మైకు కాడ జనం దిక్కు మొఖం వెట్టిన్రు. నాకేం కనవడ్తది? వీపులు. గంట సేపు వీపులు చూసుకుంట నవ్విన తమ్మీ, పిచ్చోని లెక్క."

"ఇంట్ల ఎవ్వల్నన్న అడగకపోయినవా అన్నా?"

"మా ఇంటామెను అడిగిన. అందరు మంచిగనే చెప్పిన్రు అన్నది. ఆమె నోట్లె చెడ్డమాట పుట్టదు, గామెతోని గదే బాధ."

అందరి మాటలూ ఆయనకు అక్కర్లేదు. ఒక్క డేవిడ్ మాటలు కావాలి. డేవిడ్ అంటే ఇరవై ఏళ్లకు పైగా ఆయన హామర్ ఎదుట నిలబడి సైగలు చేసినవాడు. ఒకరి టిఫిన్ ఒకరు తిన్నవాళ్లు. కిందటేడాది ఎవరో ఆఫీసరు దగ్గరికి వెళ్లి, రాజలింగానికి చెవులు వినపడవని చెప్పేశారు. చెవుల డాక్టరు దగ్గరికి పంపారు, రిపోర్టు వచ్చింది, హామర్ మీది నుంచి తీసి స్టోర్సులో కూర్చోబెట్టారు. చెప్పింది డేవిడేనని ఆయన అనుమానం. ఆనాటి నుంచి మాటల్లేవు. అయినా ఫంక్షన్‌లో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది డేవిడే. జనం నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. ఎందుకో ఈయనకు తెలియదు.

"నా మీద జోకులేసి నవ్విచ్చిండా, ఏమన్నడు? శనివారం ఆయనది గూడ రిటైర్మెంట్. నాకు కార్డు పంపిండు. పోవాల్నా వద్దా, గీ డిస్కే చెప్పాలె."

అల్లుడు కొత్త హెచ్‌డీ కెమెరాతో స్టేజీ ముందు నిలబడి తీసి, డిస్కులో వేసిచ్చాడట. ఇంట్లో ఉన్న ప్లేయర్ దాన్ని నమిలి బయటికి ఉమ్మేసిందట. నేను రొమ్ము విరుచుకుని తెల్లడబ్బాలో పెట్టాను. చదవలేనని చెప్పింది. తుడిచి పెట్టాను. ఊది పెట్టాను. చదవలేనంది. ఆ కెమెరా రాసింది 1080ఐ. ఆ రకం డిస్కు మా తెల్లడబ్బాకు తలకెక్కదు. ఎక్కేది దేనికో నాకు తెలుసు. ఆ మాట నోటి దాకా వచ్చింది కానీ మీసం అడ్డమొచ్చింది.

"రేపు మధ్యాహ్నం రా అన్నా, తయారు చేసి ఉంచుత."

నా కంప్యూటర్ నాకంటే ముసలిది. దానిమీద మార్చడం మొదలుపెట్టాను, ఫ్యాన్ చప్పుడుకు ఫలక్‌నుమా దాకా పావురాలు లేచిపోయాయి. శుక్రవారం ఆయన ముందే వచ్చి, ఖలీల్ హోటల్లో రెండు చాయ్‌లు తాగి, నా స్టూలు మీద కూర్చున్నాడు. తెర మీద డేవిడ్ మైకు దగ్గరికి వచ్చాడు. నోరు తెరిచాడు. బేసి గీతల్లో నోరు తెరుచుకుంది, సరి గీతల్లో మూసుకునే ఉంది. పెదాల నడుమ పళ్లు పళ్లుగా గీతలు.

"ఏంది తమ్మీ, డేవిడ్ నోట్లె దువ్వెన వెట్టుకొని మాట్లాడుతుండా?"

సగం గీతలు తీసేసి, 720పీ చేసి మళ్లీ పెట్టాను. దువ్వెన పోయింది. దాంతోపాటు పదును కూడా పోయింది. పెదాలకు వెన్న రాసినట్టుంది. రాజలింగం టీవీకి జానెడు దూరంలోకి జరిగి, ముక్కలు ముక్కలుగా ఏరుకున్నాడు.

"లింగన్న... లింగన్న అంటుండు. నవ్వుతున్నరు చూడు. హామర్... ఆఫీసర్..."

ఆఫీసర్ అన్న మాట దగ్గర ఆయన మొహం షట్టర్ దించినట్టు మూసుకుపోయింది. లేచి నిలబడ్డాడు.

"చాలు తమ్మీ. సమజైంది. పోను."

సగం గీతలతో ఒక స్నేహాన్ని మూసేస్తున్నాడు, ఆ మిగతా సగం తీసేసింది నేను. అప్పుడు నేను చేసిన పని మా వీధి చరిత్రలో నిలిచిపోవాలి. "పది నిమిషాలు కూసో అన్నా" అని, రోడ్డు దాటాను. ఖలీల్ హోటల్లో నలభై మంది ఉన్నారు.

"ఖలీల్ భాయ్, నీ డబ్బా కావాలె."

"ఫిర్ సే బోలో?"

మూడుసార్లు చెప్పించాడు. నలభై మందీ విన్నారు. అప్పుడు నవ్వుకుంటూ నల్లడబ్బాను చాయ్ ట్రేలో పెట్టుకుని నా వెంట వచ్చాడు.

డిస్కు పెడితే నల్లడబ్బా గుటుక్కున మింగింది. బేసీ సరీ రెండు వరసల్నీ కుట్టు కనపడకుండా కలిపి, నా టీవీకి 1080పీగా అందించింది. డేవిడ్ గడ్డం మీద తెల్లవెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. కింది పెదవి మీద పాత గాటు కూడా కనపడుతోంది. సౌండ్ పెంచబోతే ఖలీల్ నా చేతిలోంచి రిమోట్ లాక్కుని మ్యూట్ నొక్కాడు.

"ఆవాజ్ వద్దు మియా. ఆయనకంటె ముందు మనం ఇనొద్దు."

అట్లా, చప్పుడు లేని టీవీ ముందు ముగ్గురం కూర్చున్నాం. రాజలింగం డేవిడ్ పెదాలు చూస్తూ, ఒక్క క్షణం వెనకగా, ఆ మాటలు తన గొంతుతో పైకి చెప్పడం మొదలుపెట్టాడు.

"లింగన్న దెబ్బేస్తే... సంతోష్‌నగర్‌ల చాయ్ కప్పులు దుంకేటివి. ...గిప్పుడు ఒక మాట చెప్పాలె. లింగన్నను హామర్ మీదికెళ్లి తీపిచ్చింది నేనే. ఆఫీసర్‌కు చెప్పింది నేనే. ఒకనాడు పొగ కమ్మింది, నా చెయ్యి ఆయనకు కనవడలే. ఆగు అని ఒర్రిన. గొంతు పగిలెటట్టు ఒర్రిన. లింగన్నకు ఇనవడలే. సుత్తి ఆయన చేతికి జానెడు దూరంల పడ్డది. అన్నను అడిగితె ఒప్పుకోడు, అందుకే అడగలే. ఏడాది సంది నాతోని మాట్లాడ్తలేడు. మాట్లాడకపోనీ. గా రెండు చేతులతోని దండ పట్టుకున్నడు చూడుండ్రి. నాకు గది చాలు."

తెర మీద డేవిడ్ మైకు వదిలి వెళ్లిపోయాడు. ఆ వెనక కుర్చీలో దండ పట్టుకుని, ఏమీ తెలియక నవ్వుతూ రాజలింగం కనపడ్డాడు. స్టూలు మీది రాజలింగం నవ్వడం లేదు. అరచేతులు మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"గా పొగ రోజు యాదికున్నది తమ్మీ. ఆయన ఒర్రింది ఎర్కలేదు."

ఖలీల్ రోడ్డు అవతలికి మూడు వేళ్లు చూపించాడు. మూడు చాయ్‌లు వచ్చాయి.

సోమవారం రాజలింగం మిఠాయి పెట్టెతో వచ్చి శనివారం సంగతి చెప్పాడు. వెళ్లాడట. మైకుకు ఎదురుగా మొదటి వరస కుర్చీ పట్టుకుని, ఒక్కొక్కరి మాటా వదలకుండా చదివాడట. చివర్లో తనే స్టేజీ ఎక్కాడు. మైకు పట్టుకుని, జనానికి వీపు పెట్టి, కుర్చీలో ఉన్న డేవిడ్ వైపు తిరిగాడు. "ఇటు తిరుగు, ఇటు తిరుగు" అని అందరూ అరిచారట. ఈయనకెక్కడ వినపడుతుంది? ఎవరో వచ్చి భుజం తట్టి సైగ చేస్తే, "మీరు వీపు చూడుండ్రి, నేను ఆయనతోని మాట్లాడ్తున్న" అన్నాడట. ఏం మాట్లాడావన్నా అని మేమడిగితే, "గది మీ డిస్కుల లేదు" అన్నాడు.

ఆ కేసు నేర్పింది ఒక్కటే. ఇప్పుడు 4కే వచ్చింది, 8కే అంటున్నారు. డబ్బాలు కూడా రెండు మూడు తరాలు మారాయి. ఎవరొచ్చి ఏది మంచిదని అడిగినా నేను గీతలు లెక్కపెట్టను. ఏం చూడాలనుకుంటున్నావని అడుగుతాను. గోడవైపు తిరిగి కాదు, మొహం చూస్తూ.

ఇక, కల్పించింది ఎక్కడో చెప్తానన్నాను. మీసం నిజం, కాకపోతే చార్మినార్ కాడికి కనపడేది కాదు. ఖలీల్ మ్యూట్ నొక్కడం నిజం. డేవిడ్ మాటల్లో నేను అక్షరం తాకలేదు. అబద్ధమల్లా నేను రోడ్డు దాటడం. నేను దాటలేదు. నల్లడబ్బా ఆ డిస్కును చదువుతుందని గురువారమే తెలిసి కూడా, రాజలింగం లేచి మెట్లు దిగుతుంటే రిమోట్ పట్టుకుని నిలబడ్డాను. చాయ్ తాగేటప్పుడు ఆయన చెప్పిందంతా విన్న ఖలీలే, ఆయన మొహం చూసి, మెట్ల దగ్గరే ఆపి, భుజం పట్టి వెనక్కి తిప్పాడు. ఒక చేత్తో ట్రే, ట్రేలో డబ్బా. మూడుసార్లు కాదు కదా, నాతో ఒక్కసారి కూడా ఏమీ చెప్పించలేదు. "ప్లగ్ కిధర్ హై?" అన్నాడు, అంతే.

ఇన్నేళ్లూ ఆ దాటుడు నా ఖాతాలో చెప్పుకుంటూ వచ్చాను. నా మెట్టు నుంచి ఖలీల్ హోటల్‌కు రోడ్డు వెడల్పు నలభై అడుగులు. ఇవాళే టేపు పెట్టి కొలిచాను, ఈ ఒక్క అంకె తగ్గించుకోకండి.