చెరిసగం ఎర్రగోలీలు

నేను పనిచేసే మందుల దుకాణంలో ఎర్రటి టీబీ గోలీల పట్టీ చించినప్పుడల్లా వచ్చే ఆ చేదు వాసనకు ఇప్పటికీ మొహం పక్కకు తిప్పుకుంటాను, ఎందుకంటే ఏడో తరగతిలో ఆ గోలీలు పంచే పెత్తనం నాదే.

అప్పట్లో సూరత్‌లో నాన్న, ఆయన జోడీ సైలు కాక ఒకే సాంచా మీద వంతులవారీగా బట్ట నేసి, మా గది ముందు వరండాలో ఒకే పరుపు మీద వంతులవారీగా నిద్రపోయేవారు. డుమస్ బీచ్‌లో కొన్న టమాటా భజియా, బార్డోలీ బెల్లం, బతుకమ్మకు అమ్మ చేసిన నువ్వుల సద్ది, ఆఖరికి అమ్మ తిట్లు కూడా వాళ్లకు చెరిసగమే.

నాన్నకు టీబీ అని తేలిన నెలకే, సరిగ్గా ఉగాది నాడు లాక్‌డౌన్ పడింది. ఎప్పుడూ దడదడలాడే సాంచాలు ఆగిపోయాయి, మామిడికాయ దొరకక అమ్మ పచ్చట్లో నిమ్మకాయ పిండింది, ఆ వారమే కాక కూడా దగ్గడం మొదలుపెట్టాడు. పరీక్షకు పోతే కరోనా వార్డులో పడేస్తారని, ఇంటాయన సామాను బయట పారేస్తాడని ఆయన భయం. ఆస్పత్రివాళ్లు రెండు నెలలకు సరిపడా ఇచ్చిన తన మందుల పొట్లం నాన్న తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు.

“సాంచ పంచుకుంటలేమా, గిది పంచుకుంటే ఏమైతది? ఇయ్యాల నీకు, రేపు నాకు” అన్నాడు.

వంతులు గుర్తుపెట్టుకునే పని నాది. గోలీ మింగినవాళ్లకు మూత్రం ఎర్రగా వస్తుంది కదా, రంగుల మిల్లు కాలువ మన ఇంట్లోనే పారుతోందని ఇద్దరినీ ఆటపట్టించి పడీపడీ నవ్వేదాన్ని. ఇద్దరికీ దగ్గు తగ్గితే మా తెలివికి మేమే మురిసిపోయాం. ఆస్పత్రి నుంచి ఒకామె ఫోన్ చేసి, “పప్పా రోజ్ దవా లేతే హై?” అని, నాన్న రోజూ మందు వేసుకుంటున్నాడా అని అడిగింది. పక్కన కాక వింటూ ఉండగానే, “హా, రోజ్” అని ముద్దుముద్దుగా చెప్పాను.

వానలు పడేసరికి ఇద్దరికీ దగ్గు మళ్లీ వచ్చింది, ఈసారి నెత్తురుతో. సగం సగం మందు వేసి రోగాన్ని చావనివ్వకుండా మొండిదాన్ని చేశారని, ఆ గోలీలకు ఇక లొంగదని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరికీ వేరే మందులు మొదలుపెట్టారు. కాక తట్టుకున్నాడు, నాన్న తట్టుకోలేదు.

“అన్నీ సగం పంచుకుంటివి గదా సైలూ. సావు మాత్రం మొత్తం ఆయనకే ఇస్తివా” అని అమ్మ అందరి ముందూ అడిగింది. కాక లేచి గడప దాటాడు.

ఇప్పుడు ఆ సాంచాల షెడ్డు లేదు, ఆ వరండా లేదు. ప్రతి ఉగాదికీ కాక బెల్లం తెచ్చి, గడప బయటే విరిచి, పెద్ద ముక్క మాకు పెట్టి పోతాడు. అమ్మ దాన్ని చీమలకు వదిలేస్తుంది. ఆరోజు నేను ఫోన్లో ఏం చెప్పానో కాక ఇంతవరకూ ఆమెకు చెప్పలేదు, నేనూ చెప్పలేదు.