గుమ్మం దగ్గరి మనిషి

సింగపూర్‌లో నడుముకు తుపాకీ కట్టుకుని కొలువు చేసే తెలుగువాడు ఉన్నాడంటే మన కంప్యూటర్ కుర్రాళ్ళు నమ్మరు. సాంబమూర్తి ఉన్నాడు మరి. తాతలు మలేషియా కొబ్బరి తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. ఈయన సముద్రం మీది వంతెన దాటి సింగపూర్‌కొచ్చి ఒక కాపలా కంపెనీలో కుదిరాడు. డ్యూటీ అయ్యాక లైసెన్సున్న ఆ రివాల్వర్‌ని కంపెనీకి అప్పజెప్పి, హౌగాంగ్‌లోని ఫ్లాట్‌కు ఒంటరిగా వెళ్ళిపోయేవాడు.

భార్య అరుణమ్మ పోయాక ఆ ఇంట్లోంచి తెలుగు కూడా పోయింది. పక్కింటి ముసలాయనతో మలయ్, కాఫీ కొట్లో తమిళం, కొలువులో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడాలనిపిస్తే అరుణమ్మ ఫొటోయే దిక్కు. బతికినన్నాళ్ళూ మాటకు మాట చెప్పిన మనిషి, ఇప్పుడు ఏమన్నా ఊరుకుంటోంది.

రెండువేల సంవత్సరంలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు హోటల్ హాల్లో ఉగాది విందు పెట్టారు. లాటరీలో బంగారు నాణేలు, బల్లల మీద బీరు. బంగారానికి కాపలా కావాలంటే, సాంబమూర్తి అడిగి మరీ ఆ డ్యూటీ వేయించుకున్నాడు. ఒక పూటంతా తెలుగు వినొచ్చు కదా!

విన్నాడు. తీరా విన్నది తన గురించే.

"బీరు పోసేచోట తుపాకీ ఏంటండీ?" అంది లత. ఊరికి ఆ చివరనున్న చోవా చూ కాంగ్ పేట నుంచి వచ్చిన ప్రోగ్రామర్.

నిర్వాహకుడు మల్లికార్జునరావుకు చిర్రెత్తింది. "లైసెన్సున్న తుపాకీ అమ్మా. అతను చుక్క ముట్టడు."

"ఆయన ముట్టరు, సరే. తాగినవాడెవడో మీద పడి లాక్కుంటే? లైసెన్సు ఆపుతుందా?"

హాలు రెండు పక్షాలైంది. పక్కనే ఉన్న మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. తమిళుడనుకున్నారు కాబోలు. చివరికి ఆయన్నీ బంగారాన్నీ గుమ్మం బయటికి పంపారు. లత వెనకాలే వచ్చింది.

"Sorry, uncle. Nothing against you."

"నువ్వన్నది నిజమే తల్లీ. తాగినోళ్ళ మధ్యన ఇది ఉండకూడదు."

లత రెండడుగులు దగ్గరికి వేసింది. "మీరు తెలుగువారా? అయ్యో అంకుల్! వచ్చే ఏడు అది లేకుండా రండి. మాతో కూర్చుని భోంచేద్దురుగాని."

ఆ ఒక్క మాట పట్టుకుని సాంబమూర్తి ఏడాది గడిపాడు. ఉగాదికి సెలవు పెట్టి, టికెట్ కొని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఏం మాట్లాడాలో కూడా ఫొటో ముందు అనుకుని మరీ వెళ్ళాడు.

ఆ ఏడు సాఫ్ట్‌వేర్ కంపెనీలు కుప్పకూలాయి. లత ఉద్యోగం పోయి ఇండియా వెళ్ళిపోయిందట. మల్లికార్జునరావూ లేడు. లత మాటే నెగ్గినట్టుంది, బంగారమూ లేదు, తుపాకీ కాపలా అసలే లేదు. కుర్చీల మీదేమో టిష్యూ ప్యాకెట్లు పెట్టి, ఇక్కడి అలవాటు ప్రకారం 'చోప్' అని ఎవరి చోటు వాళ్ళు ముందే ఆపేసుకున్నారు. వెతగ్గా వెతగ్గా ఒక ఖాళీ దొరికింది.

పక్క కుర్రాడు మర్యాదగానే అడిగాడు. "అంకుల్, మీరు ఎవరి తాలూకు?"

ఏడాదిగా అనుకున్న మాటల్లో ఈ ప్రశ్న రాలేదు. "పోయినేడు గుమ్మం దగ్గర నిలబడ్డాను బాబూ," అన్నాడు.

కుర్రాడు తలూపి, అటు తిరిగి తనవాళ్ళతో మాటల్లో పడ్డాడు. చాలా బాధేసింది సాంబమూర్తికి. పోయినేడు తనకోసం హాలంతా కొట్టుకుంది. అక్కరలేదనడానికే అయినా, తెలుగులో కొట్టుకుంది.

విస్తరి ముట్టకుండానే లేచాడు. బయటికి వచ్చి, పాత చోటనే గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. చెయ్యి అలవాటుగా నడుము తడుముకుంది. అక్కడ ఏమీ లేదు. లోపలి నుంచి తెలుగు వినబడుతూనే ఉంది. విందు ముగిసేదాకా అక్కడే నిలబడి విన్నాడు.