ఫ్రెంచ్ క్లాసులో రేకు చెవి

పంజాగుట్టలో నేను పనిచేసే బడిలో ఫ్రెంచ్ మీద ప్రేమతో ఫ్రెంచ్ తీసుకున్న పిల్ల ఒక్కతీ లేదు, పిల్లాడు ఒక్కడూ లేడు. తెలుగు తీసుకుంటే మార్కులు పోతాయని తల్లిదండ్రులు తెచ్చి నా దగ్గర పడేశారు. నేనేం తక్కువ తిన్నానా? అమీర్‌పేటలో జావా, టెస్టింగ్ బోర్డుల మధ్య ఇరుక్కున్న ఒక గదిలో ఫ్రెంచ్ నేర్చుకున్నదాన్ని. ఫ్రాన్స్ సంగతి దేవుడెరుగు, పాండిచ్చేరి కూడా చూడలేదు.

ఆరో తరగతికి శరీర భాగాల పాఠం వచ్చేసరికి ప్రిన్సిపల్ గారు క్లాసు చూడటానికి వస్తానన్నారు. "ఏంటి మేడం, ఎప్పుడు చూసినా బోర్డు మీద రాయడమేనా? పిల్లల చేతికి ఏదైనా ఇవ్వండి" అని సెలవిచ్చారు. ఏమివ్వను? నా ముక్కు కోసి ఇవ్వనా?

ఆ సాయంత్రం బల్కంపేట మీదుగా ఇంటికి పోతుంటే ఎల్లమ్మ గుడి ముందు కొట్లో కనిపించాయి. తెల్లరేకుతో చేసిన కళ్ళు, ముక్కు, చెవి, చెయ్యి, కాలు. ఒంట్లో ఏది బాగాలేకపోతే దాని బొమ్మను అమ్మవారి హుండీలో వేస్తామని జనం మొక్కుకుంటారు. నాకు మాత్రం అచ్చం మా పాఠమే తాడుకు వేలాడుతున్నట్టు అనిపించింది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకుంటూ అన్నీ సంచిలో వేయించుకున్నాను.

మర్నాడు క్లాసు అదిరిపోయింది. ఒక్కొక్కరూ లేచి, చేతిలో రేకును తమ ఒంటి మీద ఆ చోట ఆనించి, ఫ్రెంచ్‌లో దాని పేరు చెప్పాలి. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల కూడా రేకు చెవిని తన చెవికి ఆనించి "లొరేయ్" అంది. ప్రిన్సిపల్ గారు చప్పట్లు కొట్టారు. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని రేకులన్నీ బిస్కెట్ డబ్బాలో సర్దుకున్నాను.

ఆ తర్వాతి రోజే ఆ పిల్ల నాయనమ్మ బడి గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

"టీచరమ్మా, మా పోరి చేతిల అమ్మవారి చెవి పెట్టిండ్రంట గద?"

"పాఠం కోసమండీ" అన్నాను.

"పాఠమైతేంది? చెవికాడ పెట్టుకొని పేరు సుత చెప్పిందట. ఇగ మొక్కు కాకుంటే ఏందది? అమ్మకియ్యకుంట డబ్బల దాసిపెడ్తరా?"

"చెప్పింది ఫ్రెంచ్‌లో కదండీ!"

"గయితే? ఎల్లమ్మకు ఫ్రెంచ్ రాదనుకుంటున్నరా?"

దీనికి జవాబు ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పరు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇదెక్కడి గోలరా భగవంతుడా, రేపు ముక్కుల వాళ్ళూ కాళ్ళ వాళ్ళూ కూడా వరస కడతారనుకుని, గట్టిగా ఏదో అనబోయాను. అంతలో ఆమె గొంతు తగ్గించింది. పిల్లకు ఎడమ చెవి వినిపించడం లేదట. సోమవారమే ఆపరేషనట.

"డాక్టరు ఫికర్ చెయ్యకుమన్నడు. నాకైతే నిద్ర పడ్తలేదు. మొక్కు బాకీ పెట్టి పిల్లను ఆపరేషన్‌కు ఎట్ల పంపాలె, మీరే చెప్పుండ్రి" అంది.

నా కోపం చప్పున చల్లారింది. ఆ స్థానంలో భయం వచ్చి కూర్చుంది. నమ్మకాలు లేవని స్టాఫ్‌రూమ్‌లో ఉపన్యాసాలిచ్చే మనిషిని, పరుగున వెళ్ళి డబ్బా తెచ్చాను.

ఆదివారం ముగ్గురం గుడికి వెళ్ళాం. డప్పులు, గంటలు, తోపులాట. హుండీ దగ్గర నాయనమ్మ పిల్ల భుజం తట్టింది. "ఏ చెవో చెప్పి వెయ్యి బిడ్డా. మొదలు ఏ భాషల చెప్పినవో గా భాషలనే చెప్పు. లేకుంటే అమ్మ ఇంకో మొక్కు అనుకుంటది."

పిల్ల చేతిలోని రేకును తిప్పి చూసింది. అది కుడిదో ఎడమదో దానికే తెలియదు. నా చెంగు పట్టి లాగింది. "మేడం, ఫ్రెంచ్‌ల ఎడమను ఏమంటరు?"

పరీక్షలో రాదని నేను నేర్పని మాట అది. వంగి కుడి చెవిలో చెప్పాను.

"లొరేయ్ గోష్" అని పిల్ల రేకును హుండీలోకి జారవిడిచింది.

"ఏమన్నది?" అంది నాయనమ్మ.

"ఎడమ చెవి అందండీ."

"మల్లొకసారి గట్టిగ చెప్పమనుండ్రి. గీ లొల్లిల అమ్మకు ఇనవడ్డదో లేదో."

పిల్ల గట్టిగా చెప్పింది. దానికన్నా గట్టిగా నేను అరిచాను.