దొర బంగళాలో ఆరని నిప్పు

ఓస్లా ఇస్బిస్టర్ దయ్యాలను నమ్మదు. మనుషులను అసలే నమ్మదు. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా, దుకాణంలో కొన్న గుడ్లను ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసిగానీ సంచిలో వేసుకోదు. అలాంటి మనిషి చేతిలో ఉంది, స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో పేరుమోసిన దయ్యాల కొంప తాళంచెవి.

కొండమీది ఆ దొర బంగళాలో ఓస్లా తాత గొర్రెలు కాశాడు, అమ్మ అంట్లు తోమింది. దొరల వంశం అంతరించాక తాళంచెవి ఈ కుటుంబానికే మిగిలింది. ఎండాకాలం పడవ దిగి వచ్చేవాళ్ళకు మేడమీది గది చూపించి, చంటిబిడ్డతో మెట్లు దిగే దాసి కథ చెప్పడం ఓస్లా పని. జూన్‌లో అక్కడ చీకటే పడదు. దయ్యం ఎప్పుడొస్తుందని అడిగితే, అదీ మనలాగే నిద్రపట్టక దొర్లుతోందనేది. పెళ్ళీ పిల్లలూ లేని ఆమెకు పదవైనా పరువైనా ఆ తాళంచెవే. ఊళ్ళో పిలిచి కుర్చీ వేసేది దాన్ని చూసే.

ఈ ఏడాది ఆ గదిలో పొయ్యి వెచ్చగా తగిలింది. డెన్మార్కు నుంచి వచ్చినావిడ బూడిదలో చెయ్యి పెట్టి కెవ్వుమంది. ఆ కబురు పాకి జనం రెట్టింపయ్యారు. ఊరి సంఘానికి మాత్రం దయ్యం కన్నా నిప్పంటే భయం. లోపలంతా పాత చెక్క. ఇంకోసారి అక్కడ నిప్పు కనబడితే తాళంచెవి గిబ్బీకి అప్పజెప్పాలని తీర్మానించారు.

గిబ్బీ ఇంక్‌స్టర్ ఓస్లా పిన్నికొడుకు. రేవు నుంచి జనాన్ని వ్యానులో కొండమీదికి తెచ్చేది అతనే. దయ్యం ఊపందుకుంటే అతని వ్యాను నిండుతుంది. ఓస్లా పరువు పోతే తాళంచెవి అతనికి దక్కుతుంది. ఓస్లాకు ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?

పైగా సాక్ష్యం కూడా దొరికింది. అక్కడ పొయ్యిలో వేసేది పీట్, అంటే బురదనేలలోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టిన మట్టి. ఎవరి కోత వాళ్ళది. పొయ్యి పక్కన దొరికిన గడ్డ వెడల్పు చూడగానే అది గిబ్బీ కుప్పలోదని ఓస్లా పోల్చుకుంది. దుకాణంలో పదిమంది ఎదుట అతన్ని నిలదీసింది.

గిబ్బీ తాపీగా రొట్టె సంచిలో వేసుకున్నాడు. "నా కుప్ప తరుగుతోందని నేనూ చూస్తున్నా. నువ్వే అనుకున్నా. చుట్టానివి గదా, పోనీలెమ్మని ఊరుకున్నా."

ఆ మాటతో ఓస్లా అనుమానం ఇంకా ముదిరింది. ఒకరోజు తొలి పడవ రాకముందే బంగళాకు వెళ్ళింది. మేడమీద ఎవరూ లేరు. పొయ్యిలో నిప్పు మాత్రం పొద్దుటికి ఆరకుండా కప్పెట్టి ఉంది. మూడు గడ్డలు ఒకదానికొకటి ఆనించి, మీద బూడిద కుప్పచేసి, ఆ బూడిద మీద పట్టకారుతో ఒక్క గీత. నిప్పు కప్పే తీరు ఏ ఇంటికా ఇంటిది. ఇది అమ్మ తీరు. అది వచ్చిన చేతులు ఇప్పుడు రెండే జతలు మిగిలాయి: ఓస్లావీ, అక్క గిర్జీవీ.

రెండేళ్ళ కిందట గిర్జీ గుమ్మంలో జారిపడితే, ఓస్లా ఆమెచేత కాగితాల మీద సంతకం పెట్టించి రేవు దగ్గరి వృద్ధుల వసతిలో చేర్చింది. అక్కడ కరెంటు వేడి, మంచం పక్కన గంట. ఇద్దరూ కలిసి ఉన్న ఇంట్లో బూడిద ఎత్తే బాధ కూడా వదిలిందని అదే నెలలో పొయ్యికి ఇటుకలు అడ్డంపెట్టి కట్టించింది. చూడబోయినప్పుడల్లా వెచ్చగా ఉందా అని అడిగేది. వెచ్చగానే ఉందని గిర్జీ చెప్పేది. రోజూ కొండదాకా నడుస్తోందని డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. గిబ్బీ పీట్ కుప్ప ఆ దారిలోనే ఉంది. వంటింటి వెనకతలుపు గడియ ఎలా ఎత్తాలో, అమ్మ వెంట ఆ బంగళాలో తిరిగిన పిల్లకు తెలియదా?

ఊరందరినీ అనుమానించిన మనిషికి ఈ ఒక్కటే తట్టలేదు. ఓస్లాకు సిగ్గేసింది. పొయ్యి ముందు కూర్చుని, నిప్పు పూర్తిగా ఆర్పేసి దిగింది.

సాయంత్రం సంఘంలో గిబ్బీ అందరి ముందూ అడిగాడు, దొంగ దొరికాడా అని.

"నేనే," అంది ఓస్లా.

"నువ్వా? ఎందుకు?"

"చలేసింది."

తాళంచెవి బల్లమీద పెట్టింది. ఆమె మాట ఎవరూ నమ్మలేదు. అయినా తాళంచెవిని ఎవరూ ఆమె వైపు తొయ్యలేదు. గిబ్బీ దాన్ని దొంగనాణెంలా తిప్పితిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.

ఓస్లా ఇంటికెళ్ళి గునపం తీసి పొయ్యికి అడ్డంపెట్టిన ఇటుకలు తనే పడగొట్టింది. ఆ చేతులతోనే వసతిలో గిర్జీ గది తలుపు తట్టింది.

"పద అక్కా, ఇంటికి పోదాం. పొయ్యి తెరిచాను."

గిర్జీ చెల్లెలి చేతులకంటిన ఇటుకదుమ్ము చూసింది, మొహం చూసింది. కోటు అందుకుంది గానీ తొడుక్కోలేదు.

"ఈసారి దేనిమీద సంతకం పెట్టిస్తావే?" అంది.